మంచు నిలవని కప్పు

మీటర్లు చదవడం నా ఉద్యోగం.
స్వనేతి కొండల్లో, రాతి బురుజుల మధ్య
మోకాలిలోతు మంచు తొక్కుతూ ఇల్లిల్లూ తిరుగుతాను.

ఆ ఏడు మీటరు చూడాల్సిన పనే లేకపోయింది.
అన్ని కప్పుల మీదా మంచు మూరెడెత్తున పేరుకుంటే
బీముర్జా పశువులపాక రేకులు మాత్రం
నల్లగా, తడిగా, ఆవిరి కక్కుతూ ఉండేవి.

లోపల ఆవులు రెండే.
మిగతా పాకంతా పెట్టెలు, ఫ్యాన్లు,
కందిరీగల తుట్టెలో తల పెట్టినట్టు హోరు.
"ఏం చేస్తున్నాయివి?" అన్నాను.
"లెక్కలు."
"ఎవరివి?"
"ఎవరివో. డబ్బు మాత్రం పడుతుంది."
జనవరి నెల. పక్క నేలమాళిగలో దాచిన విత్తనపు ఆలుగడ్డలు
వసంతం వచ్చిందనుకొని మొలకలెత్తాయి.

దిగువన ట్రాన్స్‌ఫార్మరు రెండుసార్లు పేలింది.
బడిలో పిల్లలు చేతితొడుగులతోనే అక్షరాలు దిద్దారు.
రాజధాని నుంచి కాగితం వచ్చింది:
పరిశీలిస్తున్నాం, అని.
పొయ్యి రాజేయడానికి పనికొచ్చింది.

కొండవాళ్లకి కరెంటు ఉచితం.
ఉచితంగా వచ్చేదానికి కాపలా ఎవరుంటారు?
నది ఉంటుందేమో.
చలికాలం అదీ సగం గడ్డకట్టే ఉంటుంది.

చివరికి పెద్దలు పాత పద్ధతే పట్టారు.
చర్చిలోంచి వెండి తాపడం చేసిన పటం బయటికి తెచ్చారు.
కోర్టులో అబద్ధమాడి వచ్చినవాడు కూడా
ఆ పటం ముందు తలెత్తడు మా దగ్గర.
ఇంటికొకరు చొప్పున చెయ్యి ఆనించారు,
ఇక ఆ పెట్టెలు నడపమని.

బీముర్జా వంతు వచ్చింది.
టోపీ తీశాడు. చాలాసేపు మాట్లాడలేదు.
"మొన్న ఆ వేడిలోనే నా ఆవు ఈనింది.
దూడ బతికింది.
ఆ సంగతి కూడా ఈయనకి తెలియాలి" అన్నాడు.
అని, చెయ్యి ఆనించాడు.

ఆ వారమే అతని పాక మీద మంచు నిలిచింది.
మీటరు చక్రం మెల్లగా తిరుగుతోంది,
ముసలమ్మ ఉన్ని వడికినట్టు.

ఇప్పుడు నాకు చిట్టా పుస్తకం లేదు.
అంకె కనబడేలా ఫోనులో ఫోటో తీసి పంపాలి.
నెలనెలా, ఇంటింటివీ,
ఒక్కటీ చెరపరట, అన్నీ దాస్తారట.
ఎక్కడ అని అడిగితే ఆఫీసులో లామారా
కిటికీలోంచి మబ్బుకేసి చూపించి నవ్వింది.

మబ్బు సంగతి నాకు తెలుసు.
ఎంత దాచుకున్నా ఏదో ఒక కప్పు మీద దించక తప్పదు దానికి.
ఈ బొమ్మలన్నీ ఉన్నచోటా ఒక కప్పు ఉండే ఉంటుంది.
దాని మీద మంచు నిలుస్తుందా?
దాని తరఫున చెయ్యి ఆనించింది ఎవరు?

వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
తొడుగు పళ్లతో లాగి,
'పంపు' అన్నచోట నొక్కాను.