కంకర

అరవై మూడు శాతం దగ్గర నిలవడ్డది.
నీలి తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయ్,
దయచేసి కంప్యూటర్‌ను ఆపకండి అంటున్నది.
నేనెక్కడ ఆపిన? అదే నన్ను ఆపింది.

మైకు ముందర గాదె కొమురెల్లి,
కాజీపేట సెక్షన్ల ముప్పైరెండేండ్లు గ్యాంగుమన్.
పది గడ్డపారలు ఒక్కపాలి లేవాల్నంటే
పది మందికి ఒక్క గొంతు అరువిచ్చినోడు.
కండ్లు మూసుకొని ఇంకా పాడుతనే ఉన్నడు.
పాట యాడికీ పోతలేదని చెప్పనీకి
నాకు నోరు రాలే.

మల్ల పాడుమంటే నవ్విండు,
"లేసిన పట్టాను మల్ల లేపుమంటవేంది కొడుకా!"
పాడిండు గని,
పది మంది బదులు పలికే సందు ఇయ్యకుండ
ఉరికినట్టు పాడిండు,
ఎప్పుడు ఆగుతదో అని మిషన్ దిక్కే చూసుకుంట.

ఆ రాత్రి పట్టుకున్నది నన్ను.
హన్మకొండ చౌరస్తాల సిస్టములు బాగుచేసే ఫసియొద్దీన్
కొత్తది ఎయ్యి, అండ్ల అన్నీ ఉన్నయన్నడు.
అన్నీ ఉండుడే గదా నా బాధ.
వాన పడుతదని ఒకటి, ఎవలిదో పుట్టినరోజని ఇంకోటి,
పాట నడుమ టింగుమని.

ఎన్ఐటీల చదివే పక్కింటి సుప్రజ
పెన్‌డ్రైవుల లినక్స్ తెచ్చిచ్చింది.
మంచిది, ఎవ్వల జోలికి పోదు.
నా పాత సౌండుకార్డునే గుర్తుపట్టలే,
చుట్టాలింటికి పోతే మీరెవలని అడిగినట్టాయె.
నాలుగు రాత్రులు నల్లతెర మీద అక్షరాలు కొట్టిన.
ఐదోనాడు పలికింది,
మాటకు మాటకు నడుమ చిటుక్కు చిటుక్కుమనుకుంట
పొయ్యిల పచ్చి కట్టె లెక్క.

ఆపిల్‌ది కొనరాదే అన్నరు.
నేను ఫాతిమానగర్ల మిక్సీలకు కాయిల్ చుట్టేటోన్ని.

కొమురెల్లే వచ్చిండు ఒకనాడు,
చాయ సాసర్ల పోసుకుంట అడిగిండు
నీ మిషన్ రోగమేందని.
నిలకడగల్లది దొరుకుతలేదు తాతా అన్న.

ఊదుకుంట తాగి, మూతి తుడుసుకొని అన్నడు:
"పట్టాను కదలకుండ బిగిస్తే ఎండకు సాగుతది,
పోనీకి జాగ లేక పాము లెక్క వంకర పోతది.
అందుకే కంకర.
బండి పోతాంటే జరంత దిగుతది, పోయినంక లేస్తది.
అరిగిన కాడ మేం పోసుకుంట ఉంటం.
గని బ్లాక్ దొరకంది ముట్టం.
బండి మీద ఉండంగ పట్టా కింద గడ్డపార పెట్టినోడు
ఏం గ్యాంగుమన్ రా?"

రెండో చాయ అడిగిండు.
నేను పొయ్యికాడ నిలబడి పాలు పొంగింది సూడలే.

పాత విండోసే మల్ల ఎక్కించిన.
ఒక్కొక్కటి బందు పెట్టుకుంట పోయిన,
వార్తలు, వాన, శుభాకాంక్షలు, నిద్ర.
ఆదివారం పొద్దుగాల రెండు గంటలు దానికి బ్లాక్,
ఏం మార్సుకుంటదో మార్సుకోని.
మిగిలిన దినాలు వైఫై డబ్బకు వైరు పీకి
మీద మా చెల్లె ఎర్ర చున్నీ కప్పుతున్న.

రాత్రి పదకొండు నలభై.
బొగ్గు గూడ్సు పోయినంక ఇరవై నిమిషాల సందు.
ఫ్యాను ఆపినం. ఇద్దరికీ చెమటలు.

ఈసారి నిమ్మలంగ పాడిండు.
ఒక్కో పిలుపు పిలిసి ఆగుతున్నడు
పది మంది పలికేదాక.
తెర మీద గీత సన్నగ, దారం లెక్క సాగుతున్నది,
మల్ల ఆయన గొంతుకు లేస్తున్నది.

అయిపోయినంక హెడ్‌ఫోన్లు పెట్టుకొని వింటాంటే
ఖాళీలు తీసెయ్యాల్నా అని అడిగింది మిషన్.
దానికేం ఎరుక.
వద్దని నొక్కిన.

కొమురెల్లి అప్పటికే గోడకు ఒరిగి నిద్రవోయిండు.
పాడినంతసేపు ఒక్కపాలి గూడ
మిషన్ దిక్కు సూడలే.