పదకొండో గడి

ముర్సియా తీరం. ప్లాంటు ఆఫీసులో
ఎవులాలియా ఫారం నింపుతోంది.
పదకొండో గడి దగ్గర ఆగింది:
శుద్ధిచేసిన మురుగునీటిలో
ఎంత శాతం తిరిగి వాడకానికి వెళ్లింది?

నిరుడు అరవై రెండు. ఈ ఏడు నలభై ఒకటి.
మాడ్రిడ్ వాళ్లు మేం బద్ధకించామనుకుంటారు.
ఫిల్టర్లు అవే. రాత్రి డ్యూటీకి నేనూ వాడినే.

మార్చిలో వానలు పడ్డాయని ఏ గడిలో రాయాలి?
నిమ్మతోటల ఫుల్హెన్సియో ఫోన్ చేసి
"ఈ వారం వద్దులే" అన్నాడు,
పాలవాడికి చెప్పినట్టు.

తోటలు పైన, మేం కింద.
మురుగుగా ఉన్నప్పుడు తనంతట తనే దిగొచ్చిన నీరు
మంచిదయ్యాక
నూట ఎనభై మీటర్లు ఎక్కాలి.
నీరు పల్లమెరుగు.
మెట్ట సంగతి కరెంటు బిల్లుకే ఎరుక.

నది కాలువ చవగ్గా పారినన్నాళ్లూ
మా ట్యాంకు ముఖం చూసినవాడు లేడు.
కాలువ కట్టేసిన వేసవిలో
అదే జనం గేటు ముందు నిలబడ్డారు,
దూరపు చుట్టరికం గుర్తొచ్చినట్టు.

ఇక ఆ పాత సిమెంటు గొట్టాలు.
బీటల్లోంచి సముద్రం దూరుతుంది.
ఉప్పు మా ఫిల్టరుకి చిక్కదు,
నిమ్మచెట్టుకి చిక్కుతుంది:
ఆకు అంచంతా మాడ్చి మరీ చూపిస్తుంది చెట్టు.
ఎన్నికలయ్యాక గొట్టాలు మారుస్తానన్న మేయరు
మూడోసారీ గెలిచాడు.

హాంబర్గ్‌లో కాయలు కొనేవాడికి సర్టిఫికెట్ చాలు.
ఫుల్హెన్సియో భార్య రెమెడియోస్‌కి చాలదు.
ఆమె వాసన చూస్తుంది.
వాసన లేకపోయినా చూస్తుంది,
ఎందుకు లేదని అనుమానంగా.
ఒకసారి ఆమె ఎదుటే
ఆ నీళ్లతో ముఖం కడుక్కున్నాను.
"నీకు జీతమిస్తారు, కడుక్కున్నావు" అంది.

ఎవులాలియా పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.
నలభై ఒకటి.
పక్కన ఖాళీలో చిన్నగా "వాన" అని రాసి
కాసేపు చూసి కొట్టేసింది.

నేను వెళ్లి పెద్ద వాల్వు తిప్పాను.
మిగతా యాభై తొమ్మిది
తేటగా, ఎవరికీ అక్కర్లేకుండా
సముద్రంలోకి పోతోంది.
గొట్టం చివర రాళ్ల మీద ముగ్గురు కుర్రాళ్లు
గాలాలు వేసుకుని కూర్చున్నారు.
అక్కడే చేపలు బాగా పడతాయట.