చాలినంత మెమరీ లేదు

మలక్‌పేట గంజ్‌లో మిర్చి ఘాటుకి
తుమ్ముతూనే డబ్బా విప్పాను.
నిన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో
కొత్త ర్యామ్ వేయించాడట బుచ్చిలింగం సేటు,
పాతదానికి నాలుగింతలు.
అప్పట్నుంచి ఫాక్స్‌ప్రోది ఒకటే మాట:
చాలినంత మెమరీ లేదు.

"ఇంత పోసినంక గూడ ఆకలేనా దీనికి?"

ఆకలి కాదు సేటూ.
దానికి లెక్కపెట్టడం వచ్చినంత వరకే అంకెలు.
ఆ గీత దాటిందా,
మీటరు గిర్రున తిరిగి సున్నా కిందికి దిగిపోతుంది.
ఉన్నదంతా లేనట్టే కనబడుతుంది.

కొత్తదాన్ని ఊడబీకి
పాత ముక్క బంగారు పళ్లు
పిల్లల రబ్బరుతో రుద్ది గుచ్చాను.
స్పీకర్ ఒక్కసారి కూసింది.
ఒంటి తుమ్ము చెడ్డది గానీ
ఒంటి కూత మంచిదే.

నల్లటి తెర మీద పచ్చటి వరుసలు:
బస్తాలు, తరుగు, హమాలీ...
అట్టడుగున, తొంభైనాలుగులో ఇది రాసినాయన
పొడి అక్షరాలు, కె.వి.ఎన్.
ఎవరో నాకు తెలీదు. సేటుకీ యాదికి లేదు.

"మరి ఈ కొత్తది?"
కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను.
ఆయన దాన్ని తక్కెడలో వేసి చూశాడు.

ముల్లు కదల్లేదు.