చివరి మడి

అల్లూరు పక్కన రొయ్యల గుంట గట్టు మీద
అర్ధరాత్రి ఫోను పైకెత్తి నిలబడుండాడు మా చినపెంచలు.
ఊరికే ఇచ్చిన ప్యాకు అది.
ఇచ్చినోళ్లే మేత అమ్మేది, వాళ్లే రొయ్య కొనేది.
వాళ్ల రేటు రెప్పపాటులో తెరుచుకుంటాది.
భీమవరం రేటు అడిగితే మాత్రం
చక్రం తిరగతానే ఉంటాది,
నీళ్లు తగలని ఏరేటరు రెక్క మాదిరి.

తెల్లారితే పట్టుబడి.
"ఊరికే గదా నాయనా" అంటాడు.

ముప్పైయేళ్లు నేను కాలవ మీద లస్కరుని.
వంతు ఎవరిదని అడిగినానే గానీ
మనిషి ఎవరని అడగలేదు.

అబద్ధం. ఒక ఏడు అడిగినా.
పై ఆసామి పంపిన బస్తా మొలగొలుకులకి
రెండు రాత్రులు ఆయన తూము మర
రెండు చుట్లు ఎక్కువ తిప్పినా.
కాలవ మూయలేదు నేను.
కిందికి నీళ్లు పోతానే ఉండినాయి, కాస్త నిదానంగా.
ఆ నిదానానికే
చివర మస్తానమ్మ మడి పొట్టమీద నెర్రెలిచ్చింది.
ఆమె ఒక్క మాట అనలేదు.
కోతలప్పుడు వచ్చి
దోసెడు తాలు నా అరుగు మీద పోసి పోయింది.

మూసిన తూముకైతే
జనం గడ్డపారలెత్తుకుని వస్తారు అబ్బయా.
నిదానం చేసిన తూము ఎవురికీ కనపడదు.
ఆ తీగలో పోయేదేందో నాకు తెలవదు.
మర తిప్పే చెయ్యి తెలుసు.

వాడు నూరు రూపాయలు పెట్టి వేరే ప్యాకు వేసుకున్నాడు.
చక్రం ఆగింది.
కిలోకి పద్దెనిమిది రూపాయల తేడా.

గట్టు కింద అప్పుడే
కంపెనీ లారీ హారను కొడతా ఉండాది.