రొట్టెల లెక్క

మా తాలూకా పటం
నలిపి పారేసి, మళ్ళీ సాపు చేసుకున్న కాగితం.
ముడతలన్నీ గుట్టలు, ముడతల్లో ఊళ్ళు.
ఇరవై తొమ్మిది ఊళ్ళకు ఒక్కటే పట్టణం,
పట్టణానికి ఒక్కటే ఆసుపత్రి,
దాని వెనక సందులో మా బేకరీ.
తెల్లవారుజామున నాలుగింటికి బండి తీస్తాను.

ఉత్తరాన బంకమట్టి. టైరు పట్టిందంటే వదలదు.
వాగు దాటితే ఇసుక,
తుమ్మలాంటి ముళ్ళచెట్లు, మే నెలంతా తెల్లపూలు.
ఆ మధ్య బీట్లో ఏతం ఒకటి, ఎవరూ తోడరు.
మా వాళ్ళు దాన్ని కొంగబావి అంటారు.
నిజం కొంగలు కరెంటు స్తంభాలెక్కాయి.

మనిషికో రొట్టె, వారానికి మూడుసార్లు.
అల్షోకేర్త్‌లో పదకొండు. నిరుడు పద్నాలుగు.
తగ్గిన మూడింటిలో ఒకటి శ్మశానానికి పోయింది,
రెండు సరిహద్దు అవతలి గాజు ఫ్యాక్టరీకి.
సోంబోర్‌కూత్‌లో తొమ్మిది.
అక్కడి మేయరు కోదార్ ఎలెమేర్
గడ్డి కోసేదీ తనే, గంట కొట్టేదీ తనే,
గొయ్యి తవ్వాల్సొస్తే
కోటు విప్పి కంచె మీద వేసేదీ తనే.

జనాభా లెక్కలకని షరోల్తా వచ్చింది,
చేతిలో టాబ్లెట్, కాళ్ళకు కొత్త బూట్లు.
"ఫెల్షోవాద్‌లో రిజిస్టరు ప్రకారం ఇరవై మూడు.
రాత్రి నిద్రపోయినవాళ్ళు పందొమ్మిది."
నేను దించేది ముప్పై, అన్నాను.
"మిగతావి పందులకేమో" అని నవ్వింది.
బండెక్కించుకుని తీసుకెళ్ళాను.

పట్టాలు పీకేసి ఎన్నేళ్ళయిందో,
స్టేషను మాత్రం మిగిలింది, ముళ్ళు లేని గడియారంతో.
టికెట్ల కిటికీకి ఆరేసిన లంగోటీలు.
కలాన్యోష్ రెబెకా బల్ల తుడిచి కూర్చోబెట్టింది.
కొడుకులిద్దరూ అడవిలో కట్టెలకు పోయారు,
కోడళ్ళిద్దరూ పొయ్యి దగ్గర,
పిల్లలు ఆరుగురు, ఒక్కచోట నిలిస్తేగా లెక్కపెట్టడానికి!
గురువారం పుట్టిన పసిగుడ్డొకటి
పాత పార్సిలు తక్కెడలో నిద్రపోతోంది.
ఇంకా పేరు పెట్టలేదు.

"చిరునామా?" అంది షరోల్తా.
"ఒకటో నంబరు ప్లాట్‌ఫారం!" అన్నాడొక బుడతడు.
టాబ్లెట్ ఒప్పుకోలేదు.
ఆమె మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ ఎర్రగీత.
నాలుగోసారి దాన్ని మూసి ఒళ్ళో పెట్టుకుని
రెబెకా విరిచిచ్చిన రొట్టెముక్క తింది.
బూట్లకంటిన బంకమట్టిని
బల్ల కాలికి గీకుతూ చాలాసేపు కూర్చుంది.
ఏం రాసుకుందో నాకు తెలియదు.

సోమవారం ఫెల్షోవాద్‌కు ముప్పై ఒకటి ఎక్కించాను.
పళ్ళు రానిదానికి రొట్టెందుకురా, అన్నారు బేకరీలో.
లెక్క లెక్కే, అన్నాను.