లేపకు

ఆరింటికి చిజురు బాత్రూంలో లైటు వేస్తుంది.
నేను నిద్ర నటిస్తాను.
పరీక్ష పుల్ల ముంచిన చప్పుడు వినబడదు,
అరవై దాకా లెక్కపెట్టే గొంతు మాత్రం
గోడ దాటి వస్తుంది.
పసుపు పసుపుగానే ఉంటే చెంబు కడుగుతుంది.
ఆకుపచ్చకి తిరిగితే ఏం చేస్తుందో
ఏడేళ్లుగా నాకు తెలీదు.
తెలీకపోవడమే మేం కూడబెట్టిన ఆస్తి.

నోషిరోలో మూడు తరాల ఊరగాయ కొట్టు వాళ్లది.
ముల్లంగిని పొగబెట్టి
తవుడులో, ఉప్పులో పాతిపెట్టే ఇల్లు.
ముందు ఆమె టాన్సిల్స్ తీసేశారు,
జబ్బు అక్కణ్ణించే బయల్దేరుతుందేమోనని.
తర్వాత నా ఎడమ కిడ్నీ
ఆమె పొత్తికడుపులో కుడివైపు కాపురం పెట్టింది.
ఆ తర్వాత, ఉప్పు.
"రోజుకి ఆరు గ్రాములు దాటొద్దు" అన్నారు,
పీపాలకి పీపాలు దోసిళ్లతో కొలిచిన మనిషితో.

అప్పట్నించి ఆమె నాలుక నేనే.
ముక్క కొరుకుతాను.
నేనేమీ అనకముందే
నా మొహం రుచి చూసి
పీపా మీద బరువు రాయి సర్దుకుంటుంది.

తొమ్మిదికి మాత్రలు, మళ్లీ తొమ్మిదికి మాత్రలు.
కోచిలోని అక్క ఏటా పంపే పంపరపనసలు
మందుకి పడవని పోస్టుమాన్ పిల్లలకి.
మనవడు తుమ్మాడా,
గుమ్మం అవతలే ఆగాలి, ముద్దులు బాకీ.

ఈ వసంతంలో సూదితో చిన్న ముక్క తీశారు.
డాక్టర్ మియాకొషి తెర మావైపు తిప్పాడు.
చీకట్లో పచ్చగా, మిణుగురుల్లా.
"వచ్చేసిందా?"
"వచ్చింది. పడుకుని ఉంది.
చాలామందిలో అలాగే పడుకుంటుంది.
లేపకపోవడమే మన పని."

రైల్లో కిటికీ అవతల
మంచు కరిగిన పొలాలు, నల్లటి బురద.
నాకెందుకో సిగ్గేసింది,
తాళం సరిగా పడని ఇల్లు
ఆమెకి అంటగట్టినట్టు.
స్టేషన్లో దిగేముందు చిజురు అంది:
"నువ్వు మొహం అలా పెట్టకు.
చుట్టం నావైపు వాడు.
ఇల్లే నీది."
నవ్వాలో వద్దో తెలీక
టికెట్లు వెతికాను.

మర్నాడు ఆరింటికి మళ్లీ లైటు.
ఒకటి, రెండు, మూడు...
ఈసారి గుసగుసగా.
నాకు మెలకువ వస్తుందని కాదు.