నూట అరవై ఎనిమిది గడులు

ఫహాహీల్‌లో మూడో అంతస్తు, ఏసీ కింద కుర్చీ నాది.
నా చేతి కింద నాలుగు వందల పన్నెండు లాప్‌టాప్‌లు.
వాటిలో సగం నేను తాకి కూడా చూడలేదు,
మూత మీద దుమ్మెంతుందో తెలీదు.
కానీ దేనికి యూఎస్‌బీ మూశానో,
దేని కెమెరాకి గంతలు కట్టానో,
కూతురి ఫొటో తీసి కంపెనీ బొమ్మ ఎవరి తెర మీద అతికించానో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మే చివర్లో ఆడిటర్లు వచ్చి వెళ్ళాక
పైనుంచి ఒక వాక్యం దిగింది:
పని వేళలు దాటాక ఎవరూ లోపలికి రాకూడదు.

దాన్ని నేను గడులుగా మార్చాను.
రోజుకొక వరస, వరసకి ఇరవై నాలుగు.
నీలం పూస్తే రావచ్చు, తెల్లగా వదిలితే రాకూడదు.
అష్టాచెమ్మాలో అడ్డగీతల ఇంట్లో కూర్చున్న కాయని
ఎవరూ చంపలేరు కదా,
నీలం గడి కూడా అలాంటిదే అనుకున్నాను.
పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా
మౌస్ పట్టుకుని ఒక్క లాగు.
ఐదు రోజులు నీలం.
శుక్ర, శనులు ఉతికి ఆరేసిన దుప్పట్లు.
సులేమానీ చాయ్ చల్లారకముందే అయిపోయింది.

మూడు వారాలు ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరూ ఏమీ అనకపోవడమే
మా పనిలో మెచ్చుకోలు.

అప్పుడు మీనా అబ్దుల్లా సైటు నుంచి ఫోను,
టైమ్‌కీపర్ పెంచలయ్య.
తౌజు గాలి లేచినట్టుంది, మాటలో సగం ఇసుక.
"సార్, ఆరు కొట్టేతలికి ఇది నన్ను బయటికి నెట్టేస్తాండాది.
పేరు నాదే, పాస్‌వర్డూ నాదే,
అయినా నువ్వెవురంటాండాది."

పని ఆరింటికి అయిపోదా అన్నాను.
అవతల కాసేపు గాలి మాత్రమే మాట్లాడింది.

జూన్ నుంచి పట్టపగలు బయట పని చేయించకూడదు,
పదకొండు నుంచి నాలుగు దాకా, సర్కారు హుకుం.
మనిషి మాడిపోకూడదని పెట్టిన నిషేధం, మంచిదే.
అందుకని కాంక్రీటు చీకటి పడ్డాక పోస్తారు,
తొమ్మిది దాకా.
ఆ సంగతి ఈ మూడో అంతస్తుకి ఎక్కి రాలేదు.
పొద్దున్నే కొడదామంటే ఇంకో తాళం, అకౌంట్సు వాళ్ళది:
ఏ రోజు గంటలు ఆ రోజే.
తేదీ దాటింది అంటూ ఎర్రటి అక్షరాలు.

"సిమెంటు సంచుల మీద రాసి పెట్టినా సార్.
జిలానీ మూడు, గురప్ప మూడు,
ఆ బీహారు పిల్లోడు మూడు..."
ముప్ఫై ఒక్క పేర్లూ చదివాడు,
నేను ఆపమనలేదు.

ముప్ఫై ఒక్కరు, మూడేసి గంటలు, పద్దెనిమిది రోజులు.
వెయ్యిన్నీ ఆరు వందల డెబ్భై నాలుగు.
ఒక్క లాగు.
తాళం వేసింది నేనే,
గొళ్ళెం ఎవరి వేళ్ళ మీద పడిందో చూడనిదీ నేనే.

మినహాయింపు ఫారానికి మూడు సంతకాలు కావాలి.
రెండో సంతకం సెలవు పెట్టి బీరూట్ వెళ్ళింది.

పెంచలయ్య పేరు తెరిచి
ఆరు, ఏడు, ఎనిమిది గడుల్లో నీలం పూశాను.
లాగ్‌లో నా పేరు పడింది, నిమిషంతో సహా.
దాన్ని చెరిపే అధికారం కూడా నాకుంది,
నాలుగు వందల పన్నెండు మందికి తీసేసి
నాకు నేను ఉంచుకున్నది.
చెరపలేదు.
ధైర్యం అనకండి. చెయ్యి అటు పోలేదు, అంతే.

ఆ రాత్రి నుంచీ గంటలు పడుతున్నాయి.
పోయిన పద్దెనిమిది రోజులకి మాత్రం
నేను రంగు పూయగల గడి ఏ పటంలోనూ లేదు.
అది వచ్చే వారం ఎరుగును, పోయిన వారం ఎరగదు.

గురువారం డ్రైవర్ ఒక కట్ట తెచ్చాడు.
సంచి కాగితాలు, చెమటకి అలుక్కుపోయిన పెన్ను గీతలు.
జీతాల సెక్షన్ వాళ్ళు ఇవి చెల్లవంటారు,
నాకు తెలుసు, అయినా విప్పి
ఒక్కొక్క పేరే టైపు చేస్తూ కూర్చున్నాను.
సిమెంటు సన్నగా కీబోర్డు సందుల్లోకి రాలింది.

ఎంటర్ మీట ఇప్పుడు
కాస్త గట్టిగా నొక్కితే గానీ దిగదు.